కోడలి తరఫు సాక్షి

ఈ రోజు రాజమండ్రి కోర్టులో మా క్లయింటు లక్ష్మి వేసిన గృహహింస కేసు విచారణకి వచ్చింది. తాగొచ్చి కొట్టే భర్త ఇక ఇంటి దరిదాపులకి రాకూడదని ఆర్డరు అడిగాం. ఆమె తరఫున సాక్ష్యం చెప్పడానికి ఆత్రేయపురం నుంచి వచ్చింది ఎవరో కాదు, స్వయానా ఆమె అత్తగారు, సూరమ్మగారు.

అవతలి లాయరుగారు పెద్దాయన. బోనులో ఉన్న ఆవిడతో చాలా మెత్తగా, "మొగుడన్నాక కోపంలో ఒక దెబ్బ వేస్తాడమ్మా. మీ కాలంలో మీరు సర్దుకుపోలేదా?" అన్నారు.

నేను లేచి అభ్యంతరం చెప్పేలోపే సూరమ్మగారు జవాబిచ్చేశారు.

"సర్దుకుపోయానండి. అది చూస్తూనే మావాడు పెరిగాడండి. అందుకే ఇవాళ ఇక్కడికి వచ్చాను."

జడ్జిగారు ఆవిడకి కుర్చీ వేయించి, "సర్దుకుపోలేదా అని ఇంకెవర్నీ అడగకండి" అన్నారు లాయరుగారితో. సాయంత్రానికి ఆర్డరు వచ్చింది.

బయటికి రాగానే సూరమ్మగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, "పొద్దున్నించీ వాడు ఏమన్నా తిన్నాడో లేదో" అన్నారు. లక్ష్మి ఆవిడ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి, తనూ పక్కనే కూర్చుంది.

రోజూ అత్తాకోడళ్ళ జోకులు ఫార్వర్డ్ చేసే మా ఫ్యామిలీ గ్రూపులో ఈ సంగతి పెట్టాను. అందరూ చూశారు, ఒక్కరూ నోరు విప్పలేదు. మీరైనా చెప్పండి, మీ ఎరికలో సూరమ్మగారి లాంటి అత్తగారు ఎవరైనా ఉన్నారా?