పండు తల మీద చెయ్యి

దెయ్యాలూ ఆత్మలూ అంటే నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కాలేజీలో ఇరవై రెండేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. స్టాఫ్ రూములో ఎవరైనా ఇలాంటి కథ ఎత్తుకుంటే ముందు నవ్వేది నేనే. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు పట్టింది.

పండు మా అక్క పెంచిన పొమేరేనియన్. అక్క ఉయ్యూరులో టీచరుగా చేస్తున్నప్పుడు తోటి టీచరు ఇంట్లో పుట్టింది. కండక్టరు కంటపడకుండా చీర కొంగులో దాచి అక్క దాన్ని బస్సులో భవానీపురంలో మా ఇంటికి తెచ్చింది. తర్వాత బావ ఉద్యోగం కోసం మస్కట్ వెళ్లాల్సొచ్చి, ముసలిదైపోయిన పండును నా దగ్గర వదిలి వెళ్లింది. అప్పటికి దానికి పన్నెండేళ్లు. ఆ తర్వాత రెండు కళ్లూ పోయాయి.

రెండేళ్లకు అక్కకు క్యాన్సర్ అని తెలిసింది. తెలిసేసరికే ముదిరిపోయింది. ఇక చేసేదేం లేదని ఆసుపత్రి వాళ్లు ఇంటికి పంపేశారు. విమానం ఎక్కే స్థితిలో లేదు. ఒకరోజు ఫోన్ చేసి, "ఒరేయ్, పండుని తీసుకురారా. దాని తల మీద ఒక్కసారి చెయ్యి వేస్తే చాలు నాకు" అంది. అక్క నన్ను ఎప్పుడూ ఏదీ అడిగిన మనిషి కాదు.

పండు గుండె బలహీనంగా ఉంది, అంత ప్రయాణం తట్టుకోలేకపోవచ్చు అన్నాడు పశువుల డాక్టరు. బతిమాలి, ప్రయాణం చెయ్యొచ్చని సంతకం పెట్టించుకున్నాను. టీకాలు, రక్తపరీక్ష, అనుమతి కాగితాలు అన్నీ అయ్యేసరికి మూడు నెలలు పట్టింది. అక్క అంతవరకూ ఉండటమే గొప్ప.

తీరా టిక్కెట్టు తీసుకున్నాక చూస్తే, ఇంట్లోంచి బయల్దేరే రోజు అమావాస్య. అమ్మ అడ్డం పడింది. "అసలే అక్క ప్రాణం మీదికొచ్చింది. అమావాస్య నాడు గడప దాటతావా? ఒక్కరోజు ఆగితే కొంపలేం మునిగిపోవురా" అని ఏడ్చింది. నా ఫిజిక్సంతా క్లాసులోనే. టిక్కెట్టు మర్నాటికి మార్చాను.

మస్కట్‌లో దిగాక ఎయిర్‌పోర్టులో బావ చెప్పాడు. అక్క ముందురోజు మధ్యాహ్నం పోయింది. మొదట అనుకున్న విమానంలో వచ్చుంటే అక్క పోయిన రోజు పొద్దున్నే చేరేవాళ్లం. విమానంలో తెచ్చిన పెట్టెలో పండు బతికే ఉంది. దాని మొహం చూడలేకపోయాను.

అక్కను ఆసుపత్రి మార్చురీలో ఉంచారు. ఫ్లాట్‌లో అక్క గది ఖాళీగా ఉంది. అద్దెకు తెచ్చిన ఆసుపత్రి మంచాన్ని ఆ పొద్దున్నే తీసుకెళ్లిపోయారు. నేలంతా ఫినాయిల్ వేసి తుడిచారు. కిటికీలు మూసి ఉన్నాయి. ఏసీ, ఫ్యాను రెండూ ఆపి ఉన్నాయి. ఇవన్నీ నేను తర్వాత ఒక్కొక్కటే మళ్లీ చూసుకున్నాను.

పండు హాల్లో సోఫాకు గుద్దుకుంది, గుమ్మానికి గుద్దుకుంది. కొత్త చోట గుడ్డి కుక్క అంతే కదా. గదిలోకి వెళ్లాక మాత్రం తిన్నగా నడిచి, మధ్యలో ఆగి, పక్కకు తిరిగి, ఏదో అడ్డం ఉన్నట్టు చుట్టూ తిరిగి వెళ్లి గోడ దగ్గర కూర్చుంది. బావ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "మంచం అక్కడే ఉండేది. ఆ చివరే తల పెట్టుకునేది" అన్నాడు. నేల మీద మంచం చక్రాల గుర్తులు నాలుగూ కనబడుతున్నాయి. పండు వాటి లోపలికి ఒక్క అడుగు కూడా వెయ్యలేదు.

అంతవరకే అయితే వాసన పట్టిందనుకుని ఊరుకునేవాణ్ని. పండు తల పైకెత్తింది. నుదుటి మీద వెంట్రుకలు అణిగాయి. ఆ అణిగిన చార మెల్లగా మెడదాకా జారింది. చివర కుడి చెవి కొస మడతపడి మళ్లీ లేచింది. అక్క అలాగే నిమిరేది. మెడదాకా నిమిరి, కుడి చెవి కొస రెండు వేళ్లతో నలిపి వదిలేది. మళ్లీ అణిగాయి. మళ్లీ. నేను చెయ్యి పెట్టి చూశాను. గాలి లేదు. బావ కూడా చూశాడు. చూసి, గోడకు ఆనుకుని కూలబడిపోయాడు.

నాలుగోసారి తర్వాత ఆగిపోయింది. పండు మాత్రం తల ఎత్తే ఉంచింది. సాయంత్రం దాకా అలాగే ఉంది. పెరుగన్నం పెడితే ముట్టలేదు. నేను ఎంత నిమిరినా నావైపు తిరగలేదు. మూడోరోజు అక్కడే పోయింది.

నేను చూసింది ఏమిటో ఇప్పటికీ తెలియదు. ఎన్ని రకాలుగా ఆలోచించినా ఏదీ సరిపోవడం లేదు. అక్కే అనుకుని తృప్తిపడదామంటే, ఆ ఒక్కరోజు గుర్తొచ్చి అదీ చేతకావడం లేదు.

అక్క అస్థికలతో, పండు లేని పెట్టెతో ఇంటికొచ్చాను. అమ్మ తట్టుకోలేదని, అక్క మేం చేరిన రోజు సాయంత్రం పోయిందని అప్పటికే బావ, నేను కలిసి అబద్ధం చెప్పేశాం. అమ్మ నన్ను ఒక్కటే అడిగింది.

"అక్క పండు తల మీద చెయ్యి వేసిందా?"

"వేసిందమ్మా" అన్నాను.

అమ్మ కళ్లు తుడుచుకుంది. "మంచిరోజున బయల్దేరబట్టే అందిందిరా" అంది.

నేను పెట్టె తీసుకెళ్లి మేడ మీద పెట్టొచ్చాను.