బయట కూర్చోబెట్టిన ఆడబిడ్డను వెతుక్కుంటూ బహదూర్‌పురాకు

నేను మొదటిసారి బహదూర్‌పురా వెళ్ళింది ఊరు చూడడానికి కాదు. పదహారు రోజులుగా ఆస్పత్రికి రాని ఒక మనిషి ప్రాణాలతో ఉందో లేదో తెలుసుకోవడానికి. డెబ్బైల చివరి మాట ఇది. తెనాలి నుంచి వచ్చి, సైకాలజీలో ఎం.ఏ. చేసి, నగరంలో ఒక ఆస్పత్రి మానసిక వైద్య విభాగంలో కౌన్సెలర్‌గా చేరి అప్పటికి ఏడు నెలలు. ఇప్పుడు ఈ పని నేర్చుకుంటున్న పిల్లలు, మనుషుల ఇళ్ళకు ఎలా వెళ్ళాలి, ఏ వేళకు వెళ్ళాలి అని అడుగుతుంటారు. వాళ్ళ కోసం ఆ రోజు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆమె పేరు ఖైరున్నీసా. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఇంట్లోనే రజాయిలు, అంటే దూది బొంతలు, కుట్టేది. తెలుగు బాగా మాట్లాడేది, కాని ఆ తెలుగు నాకు సగమే అర్థమయ్యేది. "దిల్ ఘాబరా అయితది మేడమ్" అంటే గుండె జబ్బనుకుని మొదటి రోజు ఈసీజీకి పంపించాను. ప్రతిసారీ ఆమె వెంట ఆడబిడ్డ జుబేదా వచ్చేది. నేను ఖైరున్నీసాను అడిగితే జుబేదా జవాబు చెప్పేది. నా పుస్తకాల్లో కౌన్సెలింగ్ అంటే ఇద్దరు మనుషులు, మూసిన తలుపు. అందుకని మూడోసారి జుబేదాను బయట బెంచీ మీద కూర్చోమన్నాను. ఖైరున్నీసా చాలాసేపు గాజులు తిప్పుకుంటూ కూర్చుని, "నేను లేకుంటనే అందరికీ మంచిగుంటది" అంది. ఆ తర్వాత ఎంత అడిగినా పెదవి విప్పలేదు. అత్తింట్లో నోరెత్తని మనిషి తొలిసారి తన మాట చెప్పుకుందని ఫైల్లో సంతోషంగా రాశాను. వచ్చే వారం ఒంటరిగా రమ్మని కూడా చెప్పాను. ఆ వారం రాలేదు. పై వారమూ రాలేదు. 'నేను లేకుంటనే' అన్న ఆ వాక్యాన్ని ఫైల్లో మళ్ళీ చదివినప్పుడు, చావు మాటను నేను సంతోషంగా రాసుకున్నానని అర్థమైంది. మా పెద్ద డాక్టరు మాత్రం, "ఉత్తరం రాసి ఫైలు మూసెయ్యి" అన్నారు.

మర్నాడు సగం రోజు సెలవు పెట్టి, పది గంటలకు కోఠిలో బస్సెక్కాను. టికెట్ ముప్పై పైసలు. పాతబస్తీలో కర్ఫ్యూ ఎత్తేసి నెల కూడా కాలేదు, ఒంటరిగా పోవద్దని హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి రెండుసార్లు చెప్పింది. నయాపూల్ దాటి పత్తర్‌గట్టిలోకి రాగానే బట్టల కొట్ల ముందు జనం మామూలుగానే బేరాలాడుతున్నారు. భయపడుతున్నది నేనొక్కదాన్నే. చార్మినార్ దగ్గర దిగి, రెండు రూపాయలకు రిక్షా మాట్లాడుకున్నాను. తొక్కేది యూసుఫ్ భాయ్ అనే పెద్దాయన.

"జూ సూడనీకి పోతున్రా అమ్మా?" అని అడిగాడు.

"కాదండీ. రజాయిలు కుట్టే ఒకావిడ ఇంటికి. మా ఆస్పత్రి పేషెంటు."

"ఏ దవాఖాన?"

చెప్పాను. ఆయన రిక్షాను పక్కకు తీసి ఆపేశాడు. "గల్లీల గిట్ల చెప్పకుండ్రి. ఆ పేరు తీస్తే రేపట్నుంచి ఆమెను పాగల్ అంటరు. ఇంట్ల పెండ్లీడు పిల్లలుంటే సంబంధాలు గూడ రావు."

"మరి ఏం చెప్పమంటారు?"

"రజాయి కుట్టిచ్చుకోనీకి వచ్చిన అనుండ్రి. అబద్ధమెందుకైతది, ఒకటి కుట్టిచ్చుకోండ్రి."

రోగి రహస్యాన్ని కాపాడడం గురించి పరీక్షలో పది పేజీలు రాసినదాన్ని నేను. ఆస్పత్రి పేరు పెద్దక్షరాల్లో అచ్చేసిన ఫైలు అప్పుడు నా ఒళ్ళోనే ఉంది. తీసి సంచీ అడుగున పెట్టుకున్నాను.

పదకొండున్నరకు ఇల్లు దొరికింది. తలుపుకు తాళం. పక్కింటి అరుగు మీద బియ్యం చెరుగుతున్న సుందరమ్మ అనే ఆవిడను, రజాయి కుట్టించుకోవాలి, ఆవిడ ఎక్కడికి వెళ్ళారని అడిగాను.

"ఆమె లేదమ్మా. మూడు దినాల కింద పొద్దుగాల్ల మస్తు లొల్లయింది. ఏడుపులు. ఆడబిడ్డ వచ్చి తీస్కపోయింది."

"ఎలా ఉన్నారు? బాగానే ఉన్నారా?"

"ఏందో, మాకేం చెప్పలే. మూల మీద పచ్చ తలుపు ఇల్లు జుబేదాది. ఆడ అడుగుండ్రి."

మూల యాభై అడుగుల దూరం కూడా లేదు. ఆ కొద్ది నడకలో నేను రాసిన వాక్యం, మా అమ్మకు చెప్పుకోవలసిన మాటలు, రాజీనామా కాగితం అన్నీ బుర్రలో తిరిగాయి. జూ వైపు నుంచి సింహం అరిచింది. నేను ఉలిక్కిపడి గోడ పట్టుకున్నాను. గల్లీలో ఇంకెవరూ తలెత్తి చూడలేదు.

తలుపు తీసింది జుబేదాయే. "ఇప్పుడొచ్చిన్రా మేడమ్?" అంది.

"ఖైరున్నీసా..."

"ఉన్నది. లోపల పండుకున్నది."

నేను గడప మీదే కూర్చున్నాను. జుబేదా లోపలికెళ్ళి ఒక గుడ్డ మూట తెచ్చి విప్పింది. మేమిచ్చిన నిద్రమాత్రలు. ఒక్కటి కూడా మింగలేదు.

"దిండు గలీబుల పెట్టి కుట్టేసింది. దులుపుతుంటే చేతికి తగిలినయి. అప్పట్నుంచి నా పక్కనే పండవెట్టుకుంటున్న."

"వెంటనే మా దగ్గరికి రావలసిందండీ."

"నన్ను బయట కూసోమన్నరు గదా." ఆమె గొంతు పెంచలేదు. "మా అమ్మ ఆమెను దవాఖానకు పంపిందే నేను ఎంట ఉంటనని. నన్ను బయట కూసోవెట్టిన్రని తెలిసినంక, లోపల మా ఇంటి ముచ్చట్లు ఏం అడుగుతున్నరో అని పంపనన్నది. మందులు మింగుతలేదని నాకు అనుమానముండె. ఆ దినం మీకు చెప్దామనే వచ్చిన."

"తప్పు నాదే" అన్నాను.

ఆమె మూట మళ్ళీ ముడివేసి, "మా ఇంట్ల చాయ్ తాగుతరా?" అని అడిగింది. అది చాయ్ గురించి అడిగిన ప్రశ్న కాదని నాకు తెలిసింది. మా తెనాలి ఇంట్లో కొందరికి వేరే గ్లాసులుండేవి. తాగుతానన్నాను. ఇచ్చిన కప్పు ఖాళీ చేశాను.

ఖైరున్నీసా లేచి వచ్చి నన్ను చూసి తల మీద కొంగు సర్దుకుంది. "జుబేదా గారు ఇక్కడే ఉండమంటారా, వద్దా? మీ ఇష్టం" అన్నాను. ఆమె జుబేదా చెయ్యి పట్టుకుని కూర్చుంది. అప్పుడు మాట్లాడింది.

"ఆడపిల్ల పుట్టింది మేడమ్. ఒక్క దినం బతికింది. మొగోళ్లు తీస్కపోయిన్రు. మా ఇంట్ల ఆడోళ్లు ఖబ్రస్థాన్‌కు పోరు. ఏడ వెట్టిన్రో నాకు తెల్వది. ఆయనను అడిగితే బాధపడతడని అడగలే. రాత్రి వానొస్తే తడుస్తదేమోనని లేసి కూసుంట."

ఫైల్లో నేను దాన్ని 'నిద్రలేమి' అని రాశాను.

సమాధి దగ్గరకు వెళ్ళి బిడ్డతో మాట్లాడమని చెప్పాలని నా చదువు తొందరపెట్టింది. నోరు కట్టుకుని, ఇలాంటప్పుడు ఇంట్లో ఏం చేయగలరని జుబేదాను అడిగాను.

"ఆమె అడగలేకుంటే అన్నను నేను అడుగుత. మట్టి వెట్టింది ఆయనే" అంది. తర్వాత వదిన వైపు తిరిగి, "పేరేమన్న అనుకున్నవా భాబీ?" అని మెల్లగా అడిగింది.

"సకీనా."

ఇంట్లో ఎవరూ అంతవరకు ఆ పేరు వినలేదు. ముందు ఏడ్చింది జుబేదా.

మాత్రలు నేను తీసుకుని, రేపే డాక్టరుకు చూపించాలని, రాత్రి ఒంటరిగా వదలవద్దని చెప్పాను. పంపనన్న అత్తగారు కూడా ఆ ఇంట్లోనే ఉన్నారు; ఆవిడ దగ్గరకు వెళ్ళి, మీరూ రండి, లోపలే కూర్చోండి అన్నాను. ఆవిడ ఔననలేదు, కాదనలేదు. మర్నాడు తొమ్మిదింటి నుంచి ఓపీ గుమ్మం వైపే చూస్తూ ఉన్నాను. పన్నెండున్నరకు ముగ్గురూ వచ్చారు. డాక్టరు మందు మార్చి, దాన్ని జుబేదా చేతికిచ్చారు. మేము మాట్లాడుకోవడం ఏడాది దాకా సాగింది. నెల తర్వాత ఒక రోజు ఖైరున్నీసా కూర్చుంటూనే, "దాదా పక్కన వెట్టిన్రంట మేడమ్" అంది. బిడ్డ వాళ్ళ తాత సమాధి పక్కనే ఉందన్నమాట. ఆ రోజు ఇంకేం మాట్లాడకపోయినా ఫరవాలేదనిపించింది.

తలుపు మూయడమే మర్యాద అని నేను నేర్చుకున్నది నా చదువు నుంచి, నా ఇంటి నుంచి. అది అందరి మర్యాద కాదు. అలాగని తలుపు తెరిచే ఉంచాలనీ చెప్పను. తర్వాత ఇంకో ఇంట్లో, వెంట వచ్చిన మనిషే భయానికి కారణమని తేలింది. అక్కడ ఆవిడను ఒంటరిగా మాట్లాడించకపోతే ఆ మాట బయటపడేది కాదు. ఎవరు దగ్గరుంటే ఊపిరాడుతుందో చెప్పగలిగింది ఎదురుగా కూర్చున్న మనిషి మాత్రమే. నేనా ప్రశ్న అడగడానికి పదహారు రోజులు ఆలస్యం చేశాను. ఆ ఆలస్యాన్ని మాపింది నా నేర్పు కాదు, దిండు దులిపిన ఒక ఆడబిడ్డ జాగ్రత్త.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సూచన: నమాజు రోజైన శుక్రవారం కాకుండా చూసుకుని, పొద్దున పదకొండుకు చేరండి. వంట పనులు మొదలైనా, పిల్లలు మధ్యాహ్నం తిండికి బడినుంచి రాకముందు రెండు గంటలు దొరుకుతాయి. ఆ రెండు గంటల్లో మొదటి గంట మీరేం అడగకండి.