గడ్డి తిన్న ఇంగ్లీషు

మొన్న ఆదివారం మా తమ్ముడి కూతురు అనంతపురం హాస్టల్ నుంచి నన్ను చూసిపోదామని వచ్చి, అన్నం తిని కడుక్కున్న చేయి ఆరకముందే ఫోను నా ముందు పెట్టి, కాలేజీలో వారం వారం ఇవ్వవలసిన ఒక పేజీ ఇంగ్లీషు రాతను చూసి తప్పులుంటే దిద్దమంది. ఇంగ్లీషు పేపర్లో ఒక వార్త చదవాలట, చదివాక తనకేమనిపించిందో రాయాలట, అలా రాసి రాసి భాష నేర్చుకోవాలట. ఈ వారం ఆ పిల్ల ఎంచుకున్నది మన జిల్లా కరువు గురించిన వార్త. ఏళ్ళ తరబడి గవర్నమెంటు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తున్న నాకు తప్పు దొరకని కాగితం చేతికి రావడమే అపురూపం, నిజానికి సంతోషించాలి. కానీ చివర్లో, ఈ వార్త నా హృదయాన్ని తాకింది అన్న వాక్యం కనబడగానే ఒళ్ళు మండింది. ఎక్కడ తాకింది, చూపించు అన్నాను.

"మార్కులకు రాసింది గదత్తా, దానిగ్గూడా కోపమేనా నీకు?" అని నవ్వి ఫోను లాక్కుంది.

కోపం ఆ పిల్ల మీద కాదు. అచ్చం ఆ వాక్యాన్నే నేనూ ఒకప్పుడు రాసి మార్కులు తెచ్చుకున్నాను. అది రాసిన చేయి నాది కాబట్టి నరికేసుకోలేక, ఇన్నేళ్ళుగా దానితోనే పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతున్నాను.

మన ఈడువాళ్ళకు జ్ఞాపకం ఉండే ఉంటుంది, పదో తరగతి దాకా తెలుగులో చదివి డిగ్రీలో పడ్డ పల్లెటూరి ఆడపిల్లకు ఇంగ్లీషు క్లాసంటే ఎట్లా ఉండేదో. మా ఊరు బత్తలపల్లెకు అవతల. హాస్టల్లో నాతోపాటు గదిలో ఉన్నది ధర్మవరం నేత పని చేసేవాళ్ళ అమ్మాయి. మా ఇద్దరికీ ఇంగ్లీషు మేడమ్ అంటే చలిజ్వరం. ఆమె పెట్టిన పద్ధతి ఏమిటంటే, ప్రతి సోమవారం ఇంగ్లీషు పేపరు నుంచి ఒక వార్త కత్తిరించి ఎడమ పేజీలో అంటించి, కుడి పేజీలో మన అభిప్రాయం రాసుకు రావాలి. లైబ్రరీ పేపరుకు కత్తెర తగిలితే అటెండరు ప్రాణం తీస్తాడు, కొత్త పేపరు కొనే శక్తి మాకెక్కడిది? అందుకని బజారులో పాత పేపర్ల దుకాణం నడిపే సాయిబు తాత దగ్గరికి పోయేవాళ్ళం. ఇంగ్లీషు పేపరు మందంగా ఉంటుంది, పొట్లాలకు గట్టిగా నిలుస్తుంది అని ఆయన దాన్ని వేరేగా కట్టి పెట్టేవాడు, మేము అడిగితే మాత్రం విప్పేవాడు. "తీసుకోండి బేటీ, బెల్లం అంటనివి చూసి తీసుకోండి" అనేవాడు. కాబట్టి ప్రపంచంలో ఏం జరిగినా మాకు వారం పది రోజులు ఆలస్యంగా, కొంచెం తీపిగా తెలిసేది.

నా మొదటి పేజీకే మేడమ్‌కూ నాకూ చెడింది. రుతుపవనాలు బడి ఎగ్గొట్టే పిల్లాడిలా మొహం చాటేశాయని ఆ వార్తలో రాశారు. డిక్షనరీలో ఆ మాటకు అర్థం చూసుకుని, మా ఊర్లో అయితే వాన బడి ఎగ్గొట్టలేదు, అసలు పేరే రాయించుకోలేదు అని వచ్చీరాని ఇంగ్లీషులో రాశాను. హాస్యాలు వద్దు అని ఎర్రసిరాతో రాసి ఇచ్చింది. నేను రాసినది హాస్యం కాదు. మా చేలో విత్తనం వేసిన చాళ్ళు ఎట్లా ఉన్నవో అట్లాగే ఉన్న సంవత్సరం అది. వేరుశనగ పీకితే కదా కాయలు మనిషికీ, ఎండిన కట్టె మేతగా పశువుకూ. మొలకే లేకపోతే రెండూ లేవు. మనుషులం ఏదో ఒకటి చేసుకుని తినేవాళ్ళం, కూలికి పోయేవాళ్ళం, అప్పోసప్పో చేసేవాళ్ళం. నాయన దిగులంతా ఎద్దుల జత గురించే. ప్రభుత్వం వాళ్ళు కాలువ కింది ఊర్ల నుంచి వరిగడ్డి తెప్పించి పంచుతున్నారని చెప్పుకున్నారు. జాబితాలో మా ఊరి పేరు వచ్చింది, లారీ రాలేదు. నడుమ గడ్డి పంచే ఆఫీసులో ఎవరో అమ్ముకున్నారని ఊరంతా కోడై కూసింది.

అప్పుడే ఒక ఆదివారం నేను ఇంట్లో ఉండగా బెంగళూరు నుంచి ఇంగ్లీషు పేపరు విలేఖరి ఒకాయన కారులో వచ్చాడు. ఆయనకు తెలుగు రాదు, కారు డ్రైవరు కన్నడం మాట్లాడేవాడు, తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చు. విలేఖరి అడిగినది డ్రైవరు మాకు చెప్పడం, మేం చెప్పినది డ్రైవరు ఆయనకు చెప్పడం. పశువుల కొట్టం ముందు నాయనను నిలబెట్టి ఫోటో తీసి, ఎద్దులకు గడ్డి దొరుకుతోందా అని అడిగించాడు.

నాయన తలగుడ్డ సర్దుకుని, ఆఫీసు ఉన్న దిక్కుకు చేయి చాపి అన్నాడు: "ఎద్దులకు గడ్డి యాడిదప్పా? మనుషులే తింటాండారు గదా, ఇంగ ఎద్దులకేం మిగుల్తాది?"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. గడ్డి తినడమంటే ఏమిటో తెలుగు తెలిసిన పసిపిల్లాడిని అడిగినా చెప్తాడు. లంచం తిన్నవాడిని, సిగ్గుమాలిన పని చేసినవాడిని గడ్డి తిన్నావా అంటాం. నాయన ఒక్క మాటతో ఆఫీసు మొత్తాన్ని కడిగేశాడు, నాకైతే ఆయన భుజాల మీద ఎక్కి కూర్చోవాలన్నంత గర్వం వేసింది. డ్రైవరు మాత్రం నవ్వలేదు. జాలిగా నాయన వైపు చూసి విలేఖరికి ఏదో చెప్పాడు. విలేఖరి కూడా జాలిగా చూసి పుస్తకంలో రాసుకున్నాడు. ఆ జాలి చూసైనా నాకు అనుమానం రావాల్సింది.

తర్వాతి వారం సాయిబు తాత విప్పిన కట్టలో, కొట్టం ముందు నిలబడ్డ నాయన కనిపించాడు. దుకాణంలోనే నిలబడి, తెలియని మాటలు దాటేస్తూ చదువుకున్నాను. మాకు తిండి లేదు, ఎద్దులకు వేయవలసిన గడ్డి మేమే తింటున్నాం అని ఒక రైతు కన్నీళ్ళు తుడుచుకుంటూ చెప్పాడని ఉంది. కన్నీళ్ళట. మా నాయన అమ్మ ముందు కూడా ఏడ్చి ఎరుగడు. దొంగను దొంగ అన్న మనిషిని తీసుకుపోయి బిచ్చగాడిని చేసి అచ్చువేశారు, అదీ ఫోటోతో. ఫోటో కింద మా ఊరి పేరు ఉన్న ఆ పేపరు అప్పటికే హాస్టల్లో చేతులు మారింది. మెస్సులో అన్నం పెట్టించుకుంటుంటే ఒక టౌను పిల్ల, "ఏమే, మీ ఇంట్లో గడ్డి తింటారంటనే?" అని కిసుక్కుమంది. నేను బదులు చెప్పేలోపల మా ధర్మవరం పిల్ల, "వాళ్ళు తినేది ఏమోలే, నీ పళ్ళెంలో మాత్రం నాకు అదే కనబడతాంది" అని ఆ పిల్ల కంచంలోకి తొంగిచూసింది. ఆ రోజు తోటకూర పప్పు.

ఆ సోమవారం నేను ఒక పేజీ కాదు, మూడు పేజీలు రాశాను. ఆ రైతు మా నాయన, ఆయన ఏడవలేదు, ఆయన చెప్పిన మాటకు అర్థం ఇది, పేపరు రాసినది అబద్ధం అని. వ్యాకరణం సంగతి దేవుడెరుగు, నా జన్మలో అంత నిజంగా ఇంగ్లీషు మళ్ళీ రాయలేదు. మేడమ్ దాన్ని చదివి, క్లాసులో నన్ను లేపి నిలబెట్టి, మూడు పేజీల్లో ముప్పై తప్పులు పెట్టినదానివి అచ్చులో పడిన ఇంగ్లీషును దిద్దేదానివా నువ్వు, పేపరుతో పోట్లాడమన్నానా, చదివి నేర్చుకొమ్మన్నానా అంది. ఆమెకూ తెలుగు వచ్చు. గడ్డి తినడమంటే ఆమెకూ తెలుసు. అదే నాకు ఈనాటికీ కొరుకుడు పడదు. తెలియనివాడు తప్పు రాశాడు సరే, తెలిసినామె ఆ తప్పు ఇంగ్లీషులో ఉంది కాబట్టి అదే ఒప్పు అంది. తిరిగి రాసి తెస్తే సరి, లేకపోతే ఈ మార్కులు సున్నా అంది.

తిరిగి రాశాను. మార్కులు పోతే చదువు మాన్పించి చేలోకి పిలుస్తారన్న భయం, ఆ చేలో ఏమీ లేదన్న భయం, రెండూ కలిసి రాయించాయి. పేద రైతు కన్నీళ్ళు నా హృదయాన్ని తాకాయి అని మొదలుపెట్టి, ఐదు కొత్త మాటలు వాడి, ఒక్క తప్పు లేకుండా. కింద ఎర్రసిరాతో ఇంప్రూవింగ్ అని వచ్చింది. బాగుపడుతున్నానట.

ఆ శనివారం ఇంటికి పోయేసరికి మామ వచ్చి ఉన్నాడు. అమ్మకు అన్న, విడపనకల్లు దగ్గర ఆయనది కాలువ నీళ్ళున్న ఊరు. మా ఎద్దులను తోలుకుపోయి, వానలు పడేదాకా తన దగ్గర మేపి పంపుతానని వచ్చాడు. అమ్మ ఎట్లాగో నాయనను ఒప్పించింది కూడా. పలుపులు విప్పబోతుండగా నాయన చొక్కా జేబులో నుంచి మడత పెట్టిన పేపరు ముక్క తీశాడు. ఎవరో బత్తలపల్లెలో ఇచ్చారట. చదివేవాళ్ళు లేక నాకోసం దాచిపెట్టాడు.

"సదువు తల్లీ, మీ మామ గూడా వింటాడు. నేను సెప్పింది సెప్పినట్లే ఏసినారా?"

ఏం చెప్పమంటారు? చదువుకున్న కూతురు ఇంగ్లీషు చదువుతుంటే వినాలని కొట్టం అరుగు మీద కుదురుగా కూర్చున్నాడు. ఏడ్చినావని రాశారు నాయనా అనడానికి నాకు నోరు రాలేదు. దానికి తోడు మేడమ్ మీది కసి లోపల ఉడుకుతూనే ఉంది. మూడు పేజీల్లో రాసి కొట్టేయించుకున్నదంతా ఆ కాగితం ముక్క నుంచి చదివాను. ఆఫీసువాళ్ళు పశువుల గడ్డి తింటున్నారని ఒక రైతు నిలదీశాడు అని, అక్షరం అక్షరం వేలు పెట్టి చూపిస్తూ చదివాను.

నాయన మొహం వెలిగిపోయింది. లేచి పోయి పలుపులు మళ్ళీ గుంజకు కట్టేశాడు. "ఇంగ నువ్వు పోయిరా బావా. ఇంగిలీసు పేపర్లో పడినాక సిగ్గుకైనా గడ్డి తోలుతారు" అన్నాడు. మామ రెండుసార్లు చెప్పి చూశాడు, అమ్మ మూడుసార్లు చెప్పి చూసింది. నేను ఒక్కసారి నోరు తెరిచి ఉంటే సరిపోయేది. ప్రతిదానికీ వాదన పెట్టుకునేదని ఊరంతా పేరు మోసిన నేను, వాదించవలసిన ఆ ఒక్క పూట గోడకు ఆనుకుని నిలబడ్డాను. మామ ఒట్టి చేతులతో బస్సెక్కాడు.

పది రోజులకు జీపు వచ్చింది. అధికారులకు కూడా పేపరు సాయిబు తాత దుకాణం నుంచే వచ్చేదేమో. జీపు వెనక లారీ లేదు, డేగిశాలు వచ్చాయి. మనుషులు గడ్డి తింటున్నారని పేపర్లో పడింది కదా, అందుకని మా ఊర్లో గంజి కేంద్రం తెరిచారు. ఒంటరిగా బతికే ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళకు అది మేలు చేసింది, ఆ మాట కాదనను. కానీ నాయన గంజి గిన్నె పట్టుకుని నిలబడితే ఫోటో తీస్తామన్నారట. ఆయన గిన్నె అక్కడే పెట్టి వచ్చేశాడు. నేను మళ్ళీ ఇంటికి వెళ్ళినప్పుడు కొట్టంలో ఒక ఎద్దు కాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది, లేపితే లేవడం లేదు. నాయన దాని మూతి దగ్గర నీళ్ళ బకెట్టు పెట్టి, నా వైపు చూడకుండానే అడిగాడు.

"గడ్డి అనే గదమ్మా రాసింది? నువ్వు సదివితివి గదా."

"ఔ నాయనా, గడ్డి అనే రాసినారు" అన్నాను. ఆ మాట వరకు అబద్ధం కాదు, చూడండి, నా తెలివి.

"అట్లయితే ఆఫీసోళ్ళకు సదువు రాదు" అన్నాడు నాయన. నా మీద ఇసుమంతైనా అనుమానం లేదు ఆయనకు. అదే నన్ను చంపింది. ఆ ఎద్దు రెండో రోజు పోయింది. మిగిలిన ఒంటెద్దుతో ఏం చేస్తాడు, అడిగినవాళ్ళకు ఇచ్చేశాడు. ఆ తర్వాత ఏ పేపరువాడు వచ్చినా నాయన మాట్లాడలేదు, లోపలికి పోయి తలుపు వేసుకునేవాడు. కోపంతో అనుకున్నారు అందరూ. పేపర్లో వేసినా చదవను రాని ఆఫీసువాళ్ళకు మాటలెందుకని ఆయన ఉద్దేశం. నిజం చెప్పడానికి ఆ తర్వాత నాకు ఇరవై ఏళ్ళు వ్యవధి దొరికింది, చెప్పలేదు. పోయేదాకా ఆయన లెక్కలో తప్పు చదివినవాళ్ళు ఆఫీసువాళ్ళే.

ఇప్పుడు మా ఊర్లో ఇంటికొకరికి ఇంగ్లీషు వచ్చు. కొట్టాల్లో మోటారు బండ్లు నిలబెట్టుకున్నారు, గడ్డి అవసరం ఎవరికీ లేదు. విలేఖరి కారులో రానక్కరలేదు, డ్రైవరు మధ్యలో ఉండనక్కరలేదు, ఎవరి మాట ఎటూ జారిపోదు. నాయన అన్న ఆ మాటను తప్పు పోకుండా, వెటకారం చెడకుండా ఇంగ్లీషులో పెట్టడం నాకు ఇప్పుడు ఐదు నిమిషాల పని. అయితే ఆఫీసు దిక్కుకు చేయి చాపి ఆ మాట అడిగే మనిషి కోసం వెతికితే, ఊరు ఈ కొస నుంచి ఆ కొస దాకా నాకు ఒక్కడు కనబడడు. అందరం బాగుపడినాం.