మిరపతోటలో నాకొచ్చిన పూనకం

మా కొమరోలు వైపు ఇప్పటికీ కొందరు నన్ను చూస్తే చెప్పులు విడిచి నిలబడతారు. దయచేసి తొడుక్కోండి. నా మీదికి ఏ అమ్మవారూ రాలేదు. వచ్చింది వేరే. అది నన్నూ నా భార్య రమణమ్మనూ కలిపి కాటికి పంపబోయింది.

అప్పుడు నాకు ముప్పై ఏళ్లు, తెలివి మాత్రం పన్నెండేళ్లది. మూతికి గుడ్డయినా లేకుండా, ఎదురుగాలిలో మిరపతోటకు పురుగుమందు కొట్టాను. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. మిట్టమధ్యాహ్నం, మబ్బు తునక లేదు. ఉన్నట్టుండి ఎండ మసకబారింది. సూర్యుడున్నాడు, వెలుతురు లేదు. సాళ్ల మధ్య ఎవరో నిలబడి చూస్తున్నట్టు భయం. తొడ మీద కండలు వాటంతటవే పాకాయి, గోనెసంచిలో ఎలుకల్లా.

చొంగ కారుస్తూ ఇల్లు చేరాను. మా అమ్మ చూసి, అమ్మోరు పూనిందని కేక పెట్టింది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. మావాళ్లు జున్ను కూడా అడిగారు. పక్కింటత్త కాళ్ల మీద పడి, కూతురికి సంబంధం ఎప్పుడు కుదురుతుందో చెప్పమంది. తిట్టుకోండి, నాకది నచ్చింది. ఉత్తరం నుంచి వరుడొస్తాడని సెలవిచ్చాను.

రమణమ్మ ఒక్కతే నమ్మలేదు. నా చెమట తుడుస్తూ, "బావా, ఆ చొక్కా ఇడువు. ఆస్పత్రికి పోదాం పా" అంది.

"అమ్మోరిని చొక్కా ఇప్పమంటావా?" అని గద్దించాను.

ఆమె ఆ చొక్కాను వదల్లేదు, గుంజుతూనే ఉంది. కాసేపటికి ఆ చేతులు వణికాయి. "నాకూ పొద్దు గూకినట్టుండాది" అంది మెల్లగా. చూస్తే కంటిపాపలు ఆవగింజలైపోయాయి. జనం ఆమెకూ దండం పెట్టారు. ఆటో పిలవమన్నాను.

"అమ్మోరు ఆటో ఎక్కుతుందా?" అన్నాడెవరో.

"ఎక్కుతుంది" అన్నాను.

గిద్దలూరు ఆస్పత్రిలో బట్టలు తీయించి, ఒళ్లు కడిగి, సూదులు వేశారు. తేరుకున్నాక డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ఒక నరాల కణం పక్కదానికి కబురు పంపేందుకు మధ్య సందులోకి అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదులుతుందట. కబురు చేరగానే దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటుంది. చొక్కాకు పట్టిన పురుగుమందు మా ఇద్దరి ఒంట్లోకీ దిగి ఆ ఎంజైమ్ చేతులు కట్టేసింది. ఇక ఆ కబురు, పెళ్లి భోజనం చేసీ కదలని చుట్టంలా, తలుపు కొడుతూనే ఉంటుంది, కండల్లోనూ మెదడులోనూ. నాలో ఎవరూ దూరలేదు. నా తలకాయే తనను తాను పిలుచుకుంటూ ఉంది.

క్షమించమని రమణమ్మ మంచం పక్కన కూర్చున్నాను. ఆమె నా వైపు తిరిగింది. "నా మాట ఇనకుండా ఉండేదానికి నీకు అమ్మోరి సాయం ఎందుకు బావా? ఉత్తప్పుడు గూడ ఇనవు గదా."

కాబట్టి సకల దేవతల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: మూతిగుడ్డ, చేతితొడుగులు లేకుండా మందు డబ్బా ముట్టను. రమణమ్మ చొక్కా విడవమంటే నడిబజారైనా సరే, ముహూర్తం చూడను.