మా పెట్టెల్లో తెగులు

నా చిన్నప్పుడు మా తాతయ్య పాడేరు కొండల్లో బడిపంతులుగా చేస్తూ తేనెటీగలు పెంచేవారు. అక్కడి పెంపకందారుల సంఘం నెలనెలా వేసే నాలుగు పేజీల పత్రికకు ఆయనే సంపాదకుడు. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో ఇలాంటి సంఘం ఒకటి నడిపిన పత్రిక పాత సంచికల బైండు ఆయన దగ్గర ఉండేది. అందులో ఆయన మళ్ళీ మళ్ళీ చదివింది వ్యాసాలు కాదు, తమ ఈగలు ఎలా చచ్చిపోయాయో పెంపకందారులు సొంత పేర్లతో రాసిన ఉత్తరాలు.

మా కొండల్లో ఒక కట్టుబాటు ఉండేది. ఒకరి తేనెపెట్టె ఇంకొకరు తెరవకూడదు. అందుకే పిల్లపురుగులు తేనెపట్టు గదుల్లోనే కుళ్ళిపోయే తెగులు వచ్చిన ఏడు, అది ఎవరెవరి పెట్టెల్లో ఉందో చెప్పేవాళ్ళు లేకపోయారు. మా తాతయ్య పెట్టెల్లో ఉంది. పట్టు బయటికి తీస్తే పుల్లటి వాసన వచ్చేది.

పత్రిక అచ్చుకు పంపాల్సిన రోజు సంఘం ప్రెసిడెంటు గారు మా ఇంటికి వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మాస్టారూ, తెగులు సంగతి ఈ ఒక్క నెలా ఆపండి. వచ్చేవారం వ్యాపారి వస్తన్నాడు. ఇది చదివాడంటే మన తేనె మనమే తాగాలి."

"తేనెకేం కాలేదయ్యా. పెట్టెలు చేతులు మారితేనే కొండంతా పాకుతుంది."

"అయితే పేర్లు కూడా వేస్తారా?" ఆయన గొంతు పెరిగింది. వంటింట్లో మా నానమ్మ గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

తాతయ్య అచ్చుకు రాసిన కాగితం నా చేతికిచ్చి చదవమన్నారు. మా పెట్టెల్లో తెగులు కనిపించిందనీ, అన్నిటినీ కాల్చేస్తున్నామనీ ఉంది. కింద తాతయ్య పేరు ఒక్కటే.

"మరి మావి?" అనేసి ప్రెసిడెంటు గారు నాలుక కరుచుకున్నారు.

"మీవి నేను తెరవలేదు" అన్నారు తాతయ్య.

ఆ సాయంత్రమే పెట్టెలు కాల్చారు. నానమ్మ చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. వ్యాపారి మా గుమ్మం తొక్కలేదు. కానీ పత్రిక చేతికందాక ఒక్కొక్కరే తువ్వాల్లో పట్టు చుట్టుకుని, చూడమంటూ పెరటి దారిన వచ్చారు. చివరికి ప్రెసిడెంటు గారూ వచ్చారు. తాతయ్య అందరివీ చూసిపెట్టారు.

2020లో నేనూ మా వారూ అబుదాబిలో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలోని ఒక విల్లాలో ఉన్నాం. ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం, అందరికీ ఒకే వంటగది. మా వారికి జ్వరం వచ్చింది, పరీక్షలో కరోనా అని తేలింది. ఎన్ని గదుల్లోంచి దగ్గు వినిపిస్తున్నా విల్లా వాళ్ళ వాట్సాప్ గ్రూపులో శుభోదయాలు తప్ప ఏమీ లేవు. పక్క గదిలో ఉండే కరీంనగర్ అతను మా తలుపు దగ్గరికి వచ్చాడు.

"అక్కా, గ్రూపుల పెట్టకుండ్రి. కంపెనీల మా ముదీర్‌కు, మేనేజరుకు తెలిస్తే నా నౌకరి ఖలాస్. పిల్ల ఉన్నది నాకు."

నేను ఫోనులో గ్రూపు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాను. మా వారికి తాతయ్య కథ తెలుసు. మంచం మీది నుంచే "రాసెయ్" అన్నారు. మా గదిలో ఉందని రాసి, మా ఇద్దరి పేర్లూ పెట్టాను. పక్కవాళ్ళ గురించి ఒక్క మాటా రాయలేదు.

కాసేపటికి పక్క గది అతని మెసేజి వచ్చింది. "మా దగ్గర గూడ ఉన్నదక్కా. పొద్దటి సంది పిల్లకు ఊపిరి ఆడుతలేదు."

రెండు అంబులెన్సులు వచ్చాయి. మా వారు తిరిగి రాలేదు.

పెట్టె తెరిచినంత మాత్రాన ఈగలు బతకవు. తాతయ్యవీ బతకలేదు. ముందు మనది తెరవడం వరకే మన చేతిలో ఉందని ఆ రోజు ఆయన దగ్గర నేర్చుకున్నాను. ఇప్పటికీ నాకు తెలిసింది అంతే. కోలుకున్న పక్క గది పాప బడి బస్సు దిగగానే "అత్తమ్మా" అంటూ ముందు నా తలుపే కొడుతుంది. ఎవరితోనూ మాట్లాడాలని లేని రోజున కూడా లేచి తెరుస్తాను.