పెద్దనాయిన కారుకు రిమోటు పెట్టిన వైనం

రెండు వైర్లు సరిగ్గా కలిపితే లోకంలో ఏ సమస్యైనా తీరిపోతుందని నేను గట్టిగా నమ్మిన రోజులవి. ఐటీఐ చదివి, మేడ్చల్ హైవే పక్కన కార్ల సామాన్ల షాపులో పనికి చేరాను. చేరానన్న మాటే గానీ, మా సేటు నాతో సీటు కవర్లు తొడిగించేవాడు తప్ప వైరు ముట్టనిచ్చేవాడు కాదు. ఇంట్లో బాపుది ఇంకో గొడవ. ఆయన టిప్పర్ డ్రైవరు. బండ్ల కింద దూరే బతుకు తనతోనే ఆగాలని, ఆడపిల్లనైన నన్ను చిన్నమ్మతో పాటు మందుల కంపెనీలో ప్యాకింగుకు పొమ్మని రోజూ పోరు పెట్టేవాడు.

అంతలో శామీర్‌పేటలో చేపల వ్యాపారం చేసే మా పెద్దనాయిన పాత కారొకటి కొన్నాడు. కొంపల్లిలో ఎవరిదో కారు, లోపల మనిషి లేకుండానే రిమోటు నొక్కితే స్టార్టయి, ఏసీ వేసుకుని యజమాని కోసం ఎదురుచూడటం ఆయన కంటపడింది. ఇక నిద్ర పట్టలేదు, తన బండికీ అలాంటిదే పెట్టమని మా షాపుకొచ్చాడు. ఆ కారుకు గేర్లు వాటంతటవే పడతాయి, ఈయనది చేత్తో వేసే గేర్ల బండి. గేరులో ఉండగా రిమోటు నొక్కితే అది డ్రైవరు లేకుండానే ఊరేగుతుంది. అందుకే సేటు వద్దన్నాడు. నేను చేస్తానన్నాను (అప్పట్లో నాకు నోరు ముందు, తల తర్వాత). బాపు అదే అదను చూసుకుని షరతు పెట్టాడు. ఆదివారం చర్చి దగ్గర అందరి ముందు కారు రిమోటుతో లేస్తే షాపులో ఉండొచ్చు, లేవకపోతే తెల్లారి నుంచి చిన్నమ్మ వెంట కంపెనీకి.

ప్రాణం పెట్టి బిగించాను. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, ఇంజను నడుస్తుండగానే తాళంచెవి తీసి, దిగి తలుపులు మూయాలి. కారు తనంతట తాను ఆగిపోతుంది. తర్వాత రిమోటు నొక్కితే లేస్తుంది. మధ్యలో ఎవరు తలుపు తెరిచినా అంతా రద్దు, మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే. సేటు అన్నీ తిప్పి తిప్పి చూసి, పరవాలేదన్నాడు. ఆయన నోట అది బిరుదు కింద లెక్క.

కొత్త బండి వస్తే ఆరాధన అయ్యాక సంఘమంతా దాని మీద చేతులుంచి ప్రార్థన చేయడం మా ఆనవాయితీ. పాస్టరయ్య ‘ఆమెన్’ అనగానే కారు లేవాలని పెద్దనాయిన కోరిక. ప్రార్థన అయింది. ఆమెన్. నొక్కాను. చప్పుడు లేదు. ఆరా తీస్తే, అందరూ కళ్లు మూసుకున్న సందు చూసి బాపు వాళ్లమ్మ, మా అవ్వ, ముందు తలుపు తీసి, సీటు మీద దస్తీ వేసి వచ్చింది (బస్సులో సీటు ఆపుకున్నట్టు). మళ్లీ అంతా సర్ది నిలబెట్టాను, మళ్లీ ప్రార్థన. ఈసారి పాస్టరయ్యే భక్తి ఎక్కువై, తలుపు తీసి స్టీరింగుకు నూనె రాశారు. ఆయన్ను ఎవరేమంటారు?

పెద్దనాయినకు చిర్రెత్తింది. నన్ను జరగమని తానే బండెక్కి, దిగి, రిమోటు లాక్కుని నొక్కాడు. నొక్కుతూనే ఉన్నాడు. కారు ఉలకలేదు, పలకలేదు. పొద్దున్నే తయారుగా ఉండమని చిన్నమ్మ నా చెవిలో చెప్పింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు బాపు నింపాదిగా వెళ్లి అద్దంలోంచి లోపలికి చూశాడు. బంపరు మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ అవ్వను, సండే స్కూలు పిల్లలను చూశాడు.

“అన్నా, బండిని మొదటి గేర్ల పెట్టి దిగినవ్. గిది చాలూ అయితే అవ్వ మీదికెల్లి పోతుండె,” అన్నాడు.

చేపల ఆటో నడిపిన రోజుల నుంచీ ఏటవాలు కనబడితే ఇంజను ఆపి, గేరులో వేసి దిగడం పెద్దనాయినకు అలవాటు. ఇంజను నడుస్తుండగా దిగకపోతే రిమోటు పనిచేయకుండా నేను బిగించాను. చర్చి ఆవరణ ఏటవాలే మరి. బాపు నా వైపు తిరిగాడు.

“ఆపింది నా బిడ్డ పెట్టిన వైరు. రేపు షాపుకు జల్దీ పో.”

నా గుండె ఎగిరి చర్చి గంట మీద కూర్చుంది. తర్వాత బాపే బండిని న్యూట్రల్‌లో పెట్టి దిగి, ఎవరూ తలుపు ముట్టకుండా చేతులు చాచి కాపలా నిలబడ్డాడు. నొక్కాను. కారు బుర్రుమంది. పాస్టరయ్య ఎవరూ అడగకుండానే ఆమెన్ అనేశారు. ఇక ఆగితే ఒట్టు. పిల్లలు, ముసలివాళ్లు, చివరికి చిన్నమ్మ కూడా వరసగా నిలబడి నొక్కారు. బ్యాటరీ చచ్చేదాకా నొక్కారు. దాంతో సంఘమంతా మరోసారి కారు మీద చేతులుంచి, ఈసారి రోడ్డు దాకా తోసింది. అవ్వ మాత్రం ఆపుకున్న సీట్లో కూర్చుని, గట్టిగా తోయమని పురమాయించింది.

ఇప్పుడు కొంపల్లిలో నాకే ఒక షాపుంది. రిమోట్లు కంపెనీలోనే బిగించి వస్తున్నాయి, నొక్కగానే కార్లు లేస్తున్నాయి, ఎవరికీ వింతగా లేదు. లేవని కారు పక్కన బిక్కమొహం వేసుకుని నిలబడ్డ ఆ పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది. అంత భయం దేనికే, పని సరిగ్గానే చేశావని చెవిలో చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేది కాదు, మళ్లీ రిమోటే నొక్కేది.