వదిన వైఫైకి నా పేరు

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

నిన్న పొద్దున అన్నయ్య ఫోన్ చేసి "వదిన పోయింది స్వప్నా" అన్నాడు.

నేను "ఎవరి వదిన?" అని అడిగాను.

నాకున్నది ఒక్క వదిన. అయినా నోట్లోంచి అదే వచ్చింది.

 ఫోన్‌లో అన్నయ్య వెనకాల ఎవరో గట్టిగా ఏడుస్తున్నారు.  వంటింట్లో గ్యాస్ బండ పక్కనే కూలబడ్డాను.

రేపల్లె భారతి వదిన. మా పెదనాన్న కొడుకు భార్య. పుట్టిల్లు బాపట్ల. యాభై కూడా నిండలేదు. బీపీ లేదు, షుగర్ లేదు. మేడ మీద బట్టలు ఆరేసి కిందికొచ్చి, గుండెల్లో పట్టేసినట్టుంది అందట. ఆటో వచ్చేలోపే అయిపోయింది.

మొన్న సాయంత్రమే నాతో మాట్లాడింది. "శుక్రవారం వస్తావా, మళ్ళీ ఏదన్నా వంక చెప్తావా" అని దెప్పింది కూడా. అలా దెప్పిన మనిషి పొద్దున్నకి లేకపోవడం ఏంటి?

వదిన తెలియని ఫ్రెండ్స్‌కి ఆవిడ గురించి చెప్పాలంటే వైఫై గురించే చెప్పాలి.

లాక్‌డౌన్‌లో వాళ్ళమ్మాయి ఆన్‌లైన్ క్లాసుల కోసం ఇంట్లో వైఫై పెట్టించారు. చుట్టుపక్కల వాళ్ళు ఒక్కొక్కరే పాస్‌వర్డ్ అడగడం మొదలుపెట్టారు. వదిన ఎవరినీ మొహం మీద కాదనలేదు. వైఫై పేరు మాత్రం మార్చింది.

"మీ ఇంట్లో లేదా."

ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు. వైఫై కోసం ఫోన్ తీసిన ప్రతివాళ్ళకీ అదే కనిపించేది.

ఇంక రుచి మరిగింది. చుట్టాలొస్తే "వంకాయ కూరే ఉంది". పై వాటా వాళ్ళు మోటార్ ఆపడం మర్చిపోతే "ట్యాంకు నిండింది". ఇంట్లో గొడవైతే వీధికి న్యూస్ ముందు వైఫైలోనే వచ్చేది.

ఒకసారి అన్నయ్య మీద కోపంతో "మా ఆయన గురక" అని పెట్టింది. అన్నయ్యది చేపల వ్యాపారం, ఊళ్ళో నలుగురికీ తెలిసిన మనిషి. ఆయనకి ఈ పేరు సంగతి తెలీదు. ఎదురు కొట్టుకి వెళ్తే కొట్టాయన చాలా మర్యాదగా, "పొద్దుట్నించీ గురక సరిగ్గా రావట్లేదండి, ఒకసారి చూస్తారా" అన్నాడట.

అలా రెండు విషయాలు బయటపడ్డాయి. ఒకటి పేరు, రెండోది కొట్టాయన ఇన్నాళ్ళూ వీళ్ళ వైఫైయే వాడుతున్నాడని. అన్నయ్యకి ఎవరి మీద అరవాలో తెలియక ఇంటికొచ్చి అన్నం మానేశాడు. వదిన నవ్వు ఆపుకోలేక కూర్చుండిపోయింది.

ఇక నా వంతు.

నాకో అలవాటు ఉండేది, చెప్పకుండా వచ్చేయడం. వదినకి చెప్పి బయల్దేరితే రైలు అందదు. ఉండవే, ఎండు రొయ్యలు కట్టిస్తాను అంటుంది. పచ్చడి సీసా కోసం వెతుకుతుంది. టీ పెడుతుంది. మళ్ళీ ఎప్పుడొస్తావో చెప్పు అంటుంది. అందుకని ఒక మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తుంటే మెల్లగా జారుకుని తెనాలి ప్యాసింజర్ ఎక్కేశాను.

మరుసటిసారి వెళ్ళి ఫోన్ తీస్తే వైఫై పేరు:

"చెప్పకుండా వెళ్ళకు స్వప్నా".

ఎదురింటావిడ నన్ను చూసి, "స్వప్న అంటే నువ్వేనా అమ్మా, ఈసారన్నా చెప్పి వెళ్ళు" అంది. నా పరువంతా గాలిలో కలిపేసిందని వదినతో పోట్లాడాను. "చెప్పి వెళ్తే మారుస్తాలే" అంది. తర్వాత ప్రతిసారీ చెప్పే వెళ్ళాను. ఆవిడ మార్చలేదు.

నిన్న గేటు దగ్గరికి వెళ్ళగానే చేతిలో ఫోన్ కదిలింది. చూస్తే కనెక్ట్ అయింది. అదే పేరు.

లోపల వదిన పడుకుని ఉంది. నా ఫోన్‌లో మాత్రం నన్ను పిలుస్తోంది.

బాపట్ల నుంచి వచ్చిన పిల్లలు వాళ్ళవాళ్ళకి మెసేజ్‌లు పెట్టడానికి వైఫై వెతికి, ఆ పేరు చూసి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. మా మేనత్తకి కోపం వచ్చింది. "చావింట్లో ఈ వేళాకోళాలేంట్రా, ముందు అది తీయించండి" అంది.

 అన్నయ్య అడ్డుకున్నాడు. "ఉండనీ అత్తా. అది పెట్టుకున్న పేరు."

సాయంత్రం అన్నీ అయిపోయాక బయల్దేరాల్సి వచ్చింది. ఇక్కడ మా ఇంట్లో మామగారు మంచం మీద ఉన్నారు, నేను లేకపోతే గడవదు. గుమ్మం దగ్గర ఆగాను. అన్నయ్యతో ఒక మాట, లోపల దీపం పెట్టిన చోట వదినతో ఒక మాట చెప్పాలనిపించింది.

మేనత్త చెయ్యి పట్టుకుంది. "వెళ్ళొస్తానని అనకూడదమ్మా. అలా వెళ్ళిపో."

నాకు తెలియని ఆచారం కాదు. ఎన్ని ఇళ్ళ నుంచి అలా వచ్చేయలేదు? కానీ ఆ ఇంటి నుంచి నేను చెప్పకుండా రావడం ఏంటి? వదిన నన్ను చెయ్యొద్దన్నది ఆ ఒక్క పనే కదా.

తల వంచుకుని వచ్చేశాను.

వీధి చివరి దాకా ఫోన్ ఆ వైఫై పట్టుకునే ఉంది. మలుపు తిరిగాక పోయింది.

రైల్లో వేమూరు దాటే వరకు ఫోన్ చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాను. ఎవరికీ కాల్ చేయలేదు. చేరాక ఫోన్ చెయ్యవే అనే మనిషి లేదు.

అక్కడ అనకూడదన్నారు. అందుకని ఇక్కడ చెప్తున్నాను.

వదినా, నేను వెళ్ళాను. ఇంటికి చేరాను.

నువ్వు మాత్రం ఎవరికీ చెప్పకుండా వెళ్ళావు. పోట్లాడను. నువ్వూ క్షేమంగా చేరు, అక్కడ ఏ నొప్పీ లేకుండా హాయిగా ఉండు.